క్యాన్సరు చికిత్సలో మంచిచెడ్డలను కొలుచుట యెట్లు?

ఒక పట్టణములో క్యాన్సరు వ్యాధికి చికిత్స చేయు ఆసుపత్రులు రెండు కలవనుకొందము. ఒకే రకపు క్యాన్సరుతో మొదటి ఆసుపత్రిలో చేరిన 100 మందిలో అయిదేండ్ల తరువాత 68 మంది బ్రతికియున్నారు. రెండవ ఆసుపత్రిలో చేరిన 100 మందిలో 48 మంది మాత్రమే బ్రతికియున్నారు. ఇంటిలో ఒకరికి ఆ జబ్బు వచ్చినచో ఏ ఆసుపత్రికి తీసికొనిపోవలయును? పదిమందిని అడిగినచో తొమ్మండుగురు మొదటి దానికే అని చెప్పుదురు. అయితే ఆ జవాబు పూర్తిగా తప్పు కావచ్చును. ఎందువలన తప్పగునో తెలియవలెనన్న, వైద్యము యొక్క నాణ్యతను అంకెలతో కొలువవలెనను ఆలోచన ఎట్లు పుట్టినదో, అందులోని చిక్కులెట్టివో కొంత తెలిసికొనవలయును.

బట్టను గజముతో కొలుతుము, పాలను లీటరుతో కొలుతుము. చికిత్సను దేనితో కొలువవలెను? బ్రతికినవారిని, చనిపోయినవారిని లెక్కించిన చాలునని మొదట తోచును. క్రిమియాయుద్ధములో గాయపడిన సైనికులకు సేవచేసి ప్రసిద్ధికెక్కిన ఫ్లోరెన్స్ నైటింగేలు ఈ మార్గమునే అవలంబించెను. 1863 లో ఆమె ఆసుపత్రులను గురించిన తన గ్రంథములో గణాంకశాస్త్రజ్ఞుడు విలియం ఫార్ సిద్ధపరచిన ఒక పట్టికను ప్రకటించెను. దాని ప్రకారము లండను నగరములోని 24 ఆసుపత్రులలో మరణములు నూటికి 90 కి పైగా ఉన్నవి. చదివినవారు నివ్వెరపోయిరి. ఆసుపత్రి గడప తొక్కిన పదిమందిలో ఒక్కడే తిరిగి ఇంటికి వచ్చునా?

చిక్కు హారములో ఉన్నది. ఆ పట్టికలో ఏడాది పొడవున జరిగిన మరణములను ఒకానొక దినమున ఆసుపత్రిలో ఉన్న రోగుల సంఖ్యతో భాగించిరి. నూరు మంచములున్న ఆసుపత్రిలో ఒక్కొక్క రోగి నెల దినములు ఉండి పోవునట్లయినచో ఏడాదిలో 1200 మంది అక్కడ చికిత్స పొందుదురు. అందులో 90 మంది మరణించినచో అది నూటికి ఏడున్నర. అదే 90 ని మంచములపై ఒకనాడు కనబడిన 100 మందితో భాగించినచో నూటికి తొంబది! ఆ కాలపు వైద్య పత్రికలు ఈ లెక్కను తీవ్రముగా విమర్శించినవి. నైటింగేలు ఉద్దేశ్యము మంచిదే. ఆసుపత్రుల మురికిని గురించి ఆమె చెప్పినదంతయు నిజమే. అయినను లవమును ఎంత జాగ్రత్తగా లెక్కించినను, హారము సరిగా లేనిచో అంకె మోసము చేయునని ఆ పట్టిక నిరూపించినది.

ఆ తరువాత ఈ విషయమున గట్టి పట్టుపట్టినవాడు అమెరికాలో బోస్టను నగరమునకు చెందిన శస్త్రవైద్యుడు ఎర్నెస్టు అమోరీ కాడ్‌మన్. 1869 లో జన్మించిన ఈయన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పనిచేయుచుండెను. ఆయన వాదము చాల సులభమైనది. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగికి ఒక కార్డు ఉండవలెను. దానిపై రోగి చెప్పిన బాధ, వైద్యుడు నిర్ణయించిన జబ్బు, చేసిన చికిత్స, వచ్చిన ఉపద్రవములు వ్రాయవలెను. రోగి ఇంటికి పోయినంతటితో కార్డును మూసివేయరాదు. ఏడాది గడచిన పిమ్మట అతని క్షేమము విచారించి, చికిత్స ఫలించినదా, ఫలించనిచో కారణమేమి అను సంగతిని అదే కార్డుపై వ్రాయవలెను. దీనికాయన 'అంతిమ ఫలితము' అను పేరు పెట్టెను.

వినుటకు ఇంత సామాన్యముగా నున్న ఈ మాట తోటివైద్యులకు మాత్రము మింగుడు పడలేదు. ఆ రోజులలో ఆసుపత్రులలో పదోన్నతి వయస్సునుబట్టి, అనుభవ సంవత్సరములనుబట్టి వచ్చుచుండెను. ఎవరి చేతిలో ఎందరు బాగుపడిరో లెక్క తీసినచో పెద్దల పెద్దరికము ఏమగును? కాడ్‌మన్ 1914 లో ఆ ఆసుపత్రి ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. 1915 జనవరిలో జరిగిన ఒక వైద్య సభలో ఆయన పెద్ద వ్యంగ్యచిత్రమును ప్రదర్శించెను. అందులో నిప్పుకోడి ఒకటి తల ఇసుకలో దూర్చి బంగారు గ్రుడ్లు పెట్టుచుండును. బోస్టను ధనికులు ఆ నిప్పుకోడి, గ్రుడ్లు వైద్యులవి. తమ చికిత్స ఫలితములను బయటపెట్టినచో గ్రుడ్లు దొరకవేమో అని వైద్యులు భయపడుచున్నారని దాని భావము. సభ అల్లకల్లోలమయ్యెను. ఆయన ఆ వైద్యసంఘపు అధ్యక్ష పదవిని వదలుకొనవలసి వచ్చెను.

అంతకు ముందే, 1911 లో, కాడ్‌మన్ తన స్వంత ఆసుపత్రిని చిన్న ఎత్తున స్థాపించియుండెను. 1911 మొదలు 1916 వరకు అక్కడనుండి ఇంటికి పోయిన 337 మంది రోగుల వివరములను ఆయన అచ్చువేయించెను. అందులో 123 పొరపాట్లను తానే ఎత్తిచూపెను. నేర్పు చాలక జరిగినవి కొన్ని, ఆలోచన తప్పుటవలన జరిగినవి కొన్ని, శ్రద్ధయో పరికరములో లోపించి జరిగినవి కొన్ని, వ్యాధిని గుర్తించుటలో పొరపడి జరిగినవి కొన్ని అని వాటిని వర్గీకరించెను. తన తప్పులను తానే లెక్కించి ఇతర ఆసుపత్రులకు పంపిన వైద్యులు నేటికిని అరుదుగానే కనబడుదురు.

కాడ్‌మన్ కృషి వ్యర్థము కాలేదు. అమెరికా శస్త్రవైద్యుల కళాశాల అను సంస్థ కనీస ప్రమాణములను ఏర్పరచి, నూరు మంచములకు తక్కువకాని 692 ఆసుపత్రులను పరీక్షించెను. నెగ్గినవి 89 మాత్రమే. ఓడినవానిలో దేశమంతట పేరు మ్రోగిన ఆసుపత్రులుండుటచే, ఆ జాబితా పత్రికలవారికి చిక్కునేమో అని 1919 లో న్యూయార్కులోని ఒక హోటలు కొలిమిలో దానిని తగులబెట్టిరి! 1920 ప్రాంతమున కాడ్‌మన్ ఎముకలకు వచ్చు సార్కోమా అను క్యాన్సరును గూర్చి దేశములోని వైద్యులకు జాబులు వ్రాసి, ఒక్కొక్క రోగి చరిత్రను సేకరించి ఒక రిజిస్ట్రీని ప్రారంభించెను. అమెరికాలో దేశవ్యాప్తమైన క్యాన్సరు రిజిస్ట్రీలకు అదియే నాంది. 1940 లో ఆయన మరణించినపుడు సమాధిపై పేరు చెక్కిన రాయి కూడ లేదు. 2014 లో గాని వైద్యసంఘములకు ఆ సంగతి గుర్తుకు రాలేదు.

అంతిమ ఫలితమును కొలువవలెనన్న కాడ్‌మన్ మాట సరియైనదే గాని, క్యాన్సరులో ఫలితము తెలియుటకు అయిదేండ్లు, పదేండ్లు పట్టును. అంతవరకు ఆసుపత్రి మంచిదో కాదో తెలియక కూర్చుండవలసినదేనా? 1966 లో మిచిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అవెడిస్ డొనబీడియన్ ఈ చిక్కునకు ఒక దారి చూపెను. వైద్యము యొక్క నాణ్యతను మూడుచోట్ల పరీక్షింపవచ్చునని ఆయన చెప్పెను. సాధన సంపత్తి ఒకటి: అనగా ఆసుపత్రిలో కిరణచికిత్స యంత్రము ఉన్నదా, కంతి ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి చెప్పగల పాథాలజిస్టు ఉన్నాడా, శిక్షణ పొందిన నర్సులెందరు అనునవి. చికిత్స జరుపు పద్ధతి రెండవది. ఫలితము మూడవది. నాణ్యతను గురించి జీవితమంతయు ఆలోచించిన డొనబీడియన్ చివరకు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరుతోనే 2000 లో మరణించెను. రోగిగా మంచముపై పడుకొని ఆసుపత్రి లోపములను దగ్గరనుండి చూచి, ఆ అనుభవమును కూడ ఒక సంభాషణలో చెప్పిపోయెను.

పద్ధతిని కొలుచుట యనగా ఏమో పెద్దప్రేగు క్యాన్సరు ఉదాహరణతో స్పష్టమగును. శస్త్రవైద్యుడు ప్రేగులో చెడిన భాగమును కోసి తీయునపుడు దానినంటియున్న చిన్న చిన్న లింఫు గ్రంథులను గూడ తీయును. పాథాలజిస్టు వానిని ఒక్కొక్కటిగా వెదకి క్యాన్సరు కణములున్నవో లేవో చూచును. కనీసము 12 గ్రంథులనైన పరీక్షింపవలెనని నియమము కలదు. నాలుగు గ్రంథులను మాత్రమే చూచి వానిలో క్యాన్సరు లేదని వ్రాసినచో, చూడని అయిదవ దానిలో ఉండవచ్చును. అట్టి రోగికి మందులతో మరల చికిత్స అవసరమై యుండియు, అవసరము లేదని ఇంటికి పంపివేయుదురు. కనుక ఎంతమంది రోగులలో 12 గ్రంథులు పరీక్షింపబడినవి అను లెక్క అయిదేండ్లు ఆగకుండ ఈ వారమే తెలిసికొనదగినది. ఈ ఒక్క అంకెలో కోసినవాని నేర్పు, వెదకినవాని ఓపిక రెండును కలసియున్నవి. కాలహరణము కూడ ఇట్టిదే. వేర్వేరు దేశములలో జరిగిన పరిశోధనలను కలిపి 2020 లో చేసిన ఒక సమీక్షలో, పలురకముల క్యాన్సరులలో శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైన కొలదియు మరణభయము సుమారు నూటికి 6 నుండి 8 వంతులు పెరుగుచున్నదని తేలినది. రోగనిర్ణయము జరిగిన తేదీ, చికిత్స మొదలైన తేదీ వ్రాసియుంచు ఆసుపత్రి ఏదైనను తన ఆలస్యమును తాను కొలుచుకొనగలదు.

ఇక మొదట చెప్పిన రెండు ఆసుపత్రుల సంగతి. క్యాన్సరు ఏ దశలో పట్టుబడినది అనుదానినిబట్టి ప్రాణము నిలుచుట చాలవరకు ఆధారపడియుండును. మొదటి ఆసుపత్రికి వచ్చిన 100 మందిలో 80 మంది తొలిదశలోని వారు, 20 మంది ముదిరినవారు అనుకొందము. తొలిదశవారిలో 64 మంది, ముదిరినవారిలో 4 గురు బ్రతికిరి, మొత్తము 68. రెండవ ఆసుపత్రికి వచ్చినవారిలో తొలిదశవారు 30 మందియే, ముదిరినవారు 70 మంది. తొలిదశవారిలో 27 మంది, ముదిరినవారిలో 21 మంది బ్రతికిరి, మొత్తము 48. ఇప్పుడు దశలవారీగా చూడుడు. తొలిదశలో మొదటి ఆసుపత్రి నూటికి 80 మందిని కాపాడగా రెండవది 90 మందిని కాపాడినది. ముదిరిన దశలో మొదటిది నూటికి 20 మందిని, రెండవది 30 మందిని. రెండు దశలలోను రెండవ ఆసుపత్రియే మేలు! రెండింటికిని చెరిసగముగా రోగులు వచ్చియుండినచో మొదటి దానిలో 50 మంది, రెండవ దానిలో 60 మంది బ్రతికియుండెడివారు. రోగుల కూర్పును ఇట్లు సమానము చేసి లెక్కించుటయే న్యాయమైన పోలిక. దశ ఒకటే కాదు. వయస్సు, మధుమేహము, గుండెజబ్బు వంటి ఇతర వ్యాధులు, పేదరికము కూడ లెక్కలోనికి రావలెను.

ఇది కాగితముపై కసరత్తు కాదు. రెండవ ఆసుపత్రి వంటివి సాధారణముగా పేదలకు చికిత్స చేయు పెద్ద ప్రభుత్వాసుపత్రులు. ఊరిలో నాటువైద్యము, పట్టణములో చిన్నవైద్యము అయిన పిమ్మట, అప్పులు చేసి ఆలస్యముగా వచ్చువారు అక్కడకే చేరుదురు. ముతక అంకెలను పట్టుకొని అట్టి ఆసుపత్రికి చెడ్డపేరు పెట్టి నిధులు తగ్గించినచో దెబ్బతినువారెవరో చెప్పనక్కరలేదు. మరియొక అపాయము కూడ కలదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1990 ప్రాంతము నుండి గుండె శస్త్రచికిత్సలలో మరణముల లెక్కలను ప్రకటింపసాగెను. రోగుల కూర్పును సరిచేసియే ప్రకటించినను, కొందరు వైద్యులు కష్టమైన రోగులను చేర్చుకొనుటకు వెనుకాడుచున్నారను ఆరోపణ వచ్చెను. మార్కుల కొరకు సులభమైన ప్రశ్నలనే ఎన్నుకొను విద్యార్థి స్వభావము పెద్దలలోను ఉండుట సహజము.

బ్రతికిన కాలమును కొలుచుటలో ఇంకను సూక్ష్మమైన మోసములు రెండున్నవి. ఒక వ్యక్తికి 60 వ ఏట గడ్డ కనబడి వ్యాధి తెలిసినది. 64 వ ఏట మరణించెను. తెలిసిన పిమ్మట నాలుగేండ్లు బ్రతికినాడు గనుక అయిదేండ్ల లెక్కలో అతడు ఓటమియే. అదే వ్యక్తికి పరీక్షలవలన 57 వ ఏటనే వ్యాధి తెలిసియుండి, చికిత్స ఏమియు పనిచేయక 64 వ ఏటనే మరణించినచో? ఇప్పుడు ఏడేండ్లు బ్రతికినట్లు, లెక్కలో గెలుపు! ఆయుర్దాయము ఒక్క దినమైనను పెరుగలేదు. వ్యాధి తెలిసిన తేదీ మాత్రము వెనుకకు జరిగినది. తొలిదశలో కనిపెట్టుట పనికిరాదని దీని అర్థము కాదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు వంటివానిలో అది నిజముగా ప్రాణములను కాపాడును. ఆ మేలును చూపుటకు అయిదేండ్ల లెక్క ఒక్కటే చాలదని మాత్రమే అర్థము. జనాభాలో ఆ క్యాన్సరుతో చనిపోవువారి సంఖ్య తగ్గినదా అనునది కూడ ప్రక్కనే చూడవలెను.

రెండవ మోసము ఇంకను వింతైనది. ఆరుగురు రోగులున్నారు. తొలిదశ అనుకొన్న ముగ్గురు వరుసగా 5, 9, 10 ఏండ్లు బ్రతికిరి; సగటు 8. ముదిరిన దశలోని ముగ్గురు 1, 2, 3 ఏండ్లు బ్రతికిరి, సగటు 2. ఇంతలో ఆసుపత్రికి కొత్త స్కానింగు యంత్రము వచ్చినది. తొలిదశ అనుకొన్నవారిలో 5 ఏండ్లు బ్రతికిన రోగి శరీరములో వ్యాధి మరియొక చోటికి పాకియున్నదని అది చూపియుండెడిది. అతనిని రెండవ జట్టులోనికి మార్చుడు. తొలిదశ సగటు తొమ్మిదిన్నర అగును. ముదిరిన దశ సగటు రెండుముప్పాతిక అగును. రెండు జట్లును బాగుపడినవి. ఆరుగురిలో ఎవరి ఆయువును గడియయైనను పెరుగలేదు! మంచి తరగతిలోని వెనుకబడిన విద్యార్థిని తక్కువ తరగతికి పంపినచో రెండు తరగతుల సగటు మార్కులును పెరుగుట వంటిదే ఇది. ఊపిరితిత్తుల క్యాన్సరులో ఇట్లు జరుగుచున్నదని 1985 లో ఆల్వన్ ఫైన్‌స్టీన్, ఆయన సహచరులు నిరూపించి, ఇటువంటి చమత్కారమునే చెప్పిన హాస్యగాడు విల్ రోజర్సు పేరు దీనికి పెట్టిరి. కనుక కొత్త యంత్రములున్న ఆసుపత్రిని లేనిదానితో దశలవారీగా పోల్చునపుడు మెలకువ అవసరము.

అదృష్టము పాత్ర కూడ ఉన్నది. ఒక శస్త్రచికిత్సలో మరణభయము నూటికి 5 అనుకొందము. ఏడాదికి 20 శస్త్రచికిత్సలు మాత్రమే చేయు ఆసుపత్రిలో వైద్యుని నేర్పు ఏమాత్రము మారకున్నను, సుమారు నూటికి 36 ఏండ్లలో ఒక్క మరణమును జరుగదు. 7 లేక 8 ఏండ్లలో ముగ్గురో అంతకంటె ఎక్కువమందియో చనిపోవుదురు. మొదటి ఏడు సన్మానము, రెండవ ఏడు విచారణసంఘము! రెండును అర్థము లేనివే. అందుచేతనే గణాంకశాస్త్రజ్ఞులు ఆసుపత్రులను ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులలో నిలువబెట్టుటకు ఇష్టపడరు. డేవిడ్ స్పీగెల్‌హాల్టర్ 2005 లో గరాటు ఆకారపు పటమును వాడవలెనని సూచించెను. తక్కువ రోగులున్న ఆసుపత్రులవైపు గరాటు వెడల్పుగా ఉండును, ఎక్కువ రోగులున్నవానివైపు సన్నబడును. గరాటు లోపలనున్న తేడాలను యాదృచ్ఛికములుగా భావించి వదలివేయవచ్చును. వెలుపల పడిన ఆసుపత్రిని మాత్రము శ్రద్ధగా విచారింపవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్న పిమ్మటకూడ నిలిచియుండు తేడాలు కొన్ని ఉన్నవి. క్లోమములోని క్యాన్సరును కోసి తీయుట మిక్కిలి కష్టమైన పని. అమెరికాలో వృద్ధుల ఆరోగ్యబీమా లెక్కలను పరిశీలించి బర్క్‌మేయరు ప్రభృతులు 2002 లో ప్రకటించిన దానినిబట్టి, ఈ శస్త్రచికిత్స అతితక్కువగా జరుగు ఆసుపత్రులలో మరణములు నూటికి 16.3, అత్యధికముగా జరుగుచోట 3.8. రోగుల కూర్పును సరిచేసిన తరువాతి అంకెలే ఇవి. చేసినకొద్ది చేయి తిరుగునను లోకోక్తికి ఇంతకంటె గట్టి సాక్ష్యము దొరకదు. శస్త్రవైద్యుని చేయి ఒకటే కాదు, మత్తుమందు ఇచ్చువారు, రాత్రి వేళ రక్తస్రావమును పసిగట్టు నర్సులు, అందరును అలవాటుపడియుందురు. అట్లని ప్రతి చికిత్సను మహానగరమునకు తరలించినచో, దూరపు జిల్లాలవారికి రైలుఖర్చు, బసఖర్చు, పోయిన కూలి మోయరానివగును. అరుదైన కష్టమైన శస్త్రచికిత్సలను కొద్దిచోట్ల కూర్చుట, మందులచికిత్స వంటివానిని జిల్లాలకు చేర్చుట మేలని తోచును.

దేశములను పోల్చుటవలన కూడ లాభము కలిగినది. 1995 లో యూరోపు రిజిస్ట్రీలు తమ లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టగా బ్రిటను వెనుకబడియున్నట్లు కనబడెను. అదే ఏడు అక్కడ క్యాన్సరు చికిత్సను పునర్వ్యవస్థీకరింపవలెనను నివేదిక వెలువడెను. 2000 లో జాతీయ ప్రణాళిక వచ్చెను. బ్రిటను రిజిస్ట్రీల లెక్కలలోనే లోపమున్నదని, చికిత్సలో కాదని 2010 లో బెరల్, పీటో అను పరిశోధకులు వాదించిరి. ఆ లోపములు ఉన్నను తేడా అంతటికిని అవి కారణము కాజాలవని ఇతరులు సమాధానమిచ్చిరి. ఇట్టి వివాదములు ఆరోగ్యకరమైనవే. 2018 లో ప్రకటితమైన కాన్‌కార్డ్ అధ్యయనములో 71 దేశములనుండి మూడు కోట్ల డెబ్బదియైదు లక్షల మంది రోగుల వివరములున్నవి. 2010-14 లో రొమ్ము క్యాన్సరు నిర్ధారణయైన స్త్రీలలో అయిదేండ్లు బ్రతుకువారు అమెరికాలో నూటికి 90.2, భారతదేశములో 66.1 అని అది తెల్పినది. భారతదేశమునుండి ఈ లెక్కలో చేరినవి కొద్ది రిజిస్ట్రీలు మాత్రమేనని గుర్తుంచుకొనవలెను.

బ్రతికిన ఏండ్లే సర్వస్వము కాదు. వాంతులు, నొప్పి, నిస్సత్తువ, నిద్రలేమి వీనిని కొలువగలవాడు రోగి ఒక్కడే. వైద్యులు వ్రాయు నివేదికలలో ఈ బాధలు తక్కువగా కనబడునని అనేక పరిశోధనలలో తేలినది. న్యూయార్కులో ఒక క్యాన్సరు ఆసుపత్రిలో ఈథన్ బాష్ బృందము వ్యాధి ఇతర అవయవములకు పాకిన 766 మంది రోగులను రెండు జట్లుగా విభజించెను. ఒక జట్టువారు తమ బాధలను తామే కంప్యూటరులో నమోదు చేయుదురు. బాధ ముదిరినచో వెంటనే నర్సుకు కబురు పోవును. రెండవ జట్టువారికి మామూలు వైద్యము. 2017 లో ప్రకటించిన ఫలితములలో మధ్యగత జీవితకాలము మొదటి జట్టులో 31.2 నెలలు, రెండవ జట్టులో 26.0 నెలలు. కొత్త మందేమియు లేదు. అడుగుట, విన్నదానిని వెంటనే పట్టించుకొనుట, ఇంతమాత్రమే.

మనదేశమున భారత వైద్య పరిశోధన మండలి 1981 లో జాతీయ క్యాన్సరు రిజిస్ట్రీ కార్యక్రమమును ఆరంభించినది. బొంబాయి, బెంగుళూరు, మద్రాసులతో మొదలైన జనాభా రిజిస్ట్రీలు క్రమముగా విస్తరించి, 2020 నివేదిక నాటికి 28 అయినవి. వానిలో హైదరాబాదు జిల్లా కూడ ఉన్నది. పాశ్చాత్య దేశములలో మరణ ధ్రువపత్రములే మరణకారణమును చాలవరకు తెల్పును. ఇక్కడ ఇంటివద్ద జరిగిన మరణమునకు కారణము వైద్యుడు వ్రాయుట అరుదు. కావున రిజిస్ట్రీ ఉద్యోగులే ఆసుపత్రులకు, పరీక్షాశాలలకు, పురపాలక సంఘపు మరణపు లెక్కలకు తిరిగి పేర్లను సరిపోల్చుకొనవలెను.

అన్నిటికంటె పెద్ద చిక్కు కనబడకుండ పోయిన రోగి. నూరుగురిలో 40 మంది అయిదేండ్లకు బ్రతికియున్నట్లు, 30 మంది చనిపోయినట్లు తెలిసినది. తక్కిన 30 మంది మరల ఆసుపత్రికి రాలేదు. రానివారందరు క్షేమమనుకొన్నచో బ్రతికినవారు నూటికి 70. అందరు పోయిరనుకొన్నచో 40. వారిని లెక్కనుండి తీసివేసినచో 70 మందిలో 40, అనగా నూటికి 57. ఒకే పుస్తకమునుండి మూడు అంకెలు! వీనిలో ఏది నిజమునకు దగ్గరో కూర్చున్నచోటనుండి చెప్పుటకు వీలులేదు. ఆ 30 మందికి జాబు వ్రాయవలెను, ఫోను చేయవలెను, జవాబు రానిచో సామాజిక కార్యకర్త బస్సెక్కి ఆ ఊరికి పోయి, ఇల్లు వెదకి, రోగి ఉన్నాడా, లేడా, లేనిచో ఎప్పుడు పోయినాడు అని ఇంటివారిని అడిగి తేదీ వ్రాసికొని రావలెను.